అది కథ కాదు... డ్యూటీ!

'మేడమ్, మీకోసం ఓ పెద్దాయన వచ్చారు. చేతిలో సంచి ఉంది' అని రిసెప్షన్ నుంచి ఫోన్ వస్తే నాకు విషయం అర్థమైపోతుంది. సంచి ఉందంటే అందులో నవల ఉన్నట్టే!

ఆదివారం పేజీల్లో పనిచేసే వాళ్లందరికీ ఇది అనుభవమే. బ్యాంకులో రిటైరైన వాళ్లు, రైల్వేలో చేసినవాళ్లు, హెడ్మాస్టర్లు, తాలూకాఫీసు నుంచి కలెక్టరేట్ దాకా ఎదిగి దిగిపోయిన వాళ్లు... వస్తూనే ఉంటారు. లాంగ్ నోట్‌బుక్కుల్లో ముత్యాల్లాంటి అక్షరాలు. పైన 'శ్రీ', కింద తేదీ. మొదటి పేజీలో అమ్మానాన్నలకో అర్ధాంగికో అంకితం. పిల్లలకి పెళ్లిళ్లయ్యాయి, ఇల్లు కట్టేశారు, పెన్షన్ వస్తోంది. ఇక మిగిలింది ఆ ఒక్క కోరికే.

కిందటేడాది ఎండాకాలంలో వచ్చిన పెద్దాయన కరెంటు డిపార్ట్‌మెంటు మనిషి. హెల్పర్‌గా చేరి, లైన్‌మన్ అయి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. అరవై నాలుగేళ్లు. సంచిలోంచి మూడు నోట్‌బుక్కులు తీసి బల్లమీద పెట్టి, చొక్కా జేబులోని పెన్ను సర్దుకుంటూ అడిగారు... 'ఈ వయసులో మొదలుపెడితే ఏమన్నా అవుతుందంటారా అమ్మా?'

'వయసుదేముంది సార్' అన్నాను. మేం అందరికీ చెప్పే మాటే. ఆయన తలూపి వెళ్లిపోయారు. నాకు మాత్రం సాయంత్రం దాకా ఆ జవాబు నచ్చలేదు. వయసుది ఏమీ లేదా? నిజంగా? ముప్ఫై దాటిన నా కంప్యూటర్లోనే మూడు అధ్యాయాల దగ్గర ఆగిపోయిన నవలొకటి ఆరేళ్లుగా పడి ఉంది. టైము లేదు, టైము లేదు అనుకుంటూనే ఉన్నాను. ఆ పెద్దాయన ముప్ఫై నాలుగేళ్లు అనుకున్నారు, అంతే తేడా.

అందుకే వేరే ఉద్యోగాలన్నీ చేసి, ఆ తర్వాత నవలాకారులైన వాళ్ల సంగతి కాస్త వెతికి చదివాను.

చిన్నప్పుడు 'రాబిన్సన్ క్రూసో' చదవని వాళ్లు తక్కువే. నిర్జన ద్వీపంలో ఒంటరిగా చిక్కుకున్న నావికుడి కథ. 1719లో వచ్చింది. అప్పటికి దాన్ని రాసిన డేనియల్ డీఫోకి దాదాపు అరవై ఏళ్లు. అంతకుముందు ఆయన మేజోళ్ల వ్యాపారం చేశాడు. 1692లో దివాలా తీశాడు. ఇటుకలు, పెంకుల ఫ్యాక్టరీ పెట్టాడు. ఒక కరపత్రం రాసినందుకు 1703లో లండన్ నడివీధిలో బొండకొయ్యలో నిలబెట్టారు. పత్రిక నడిపాడు. ఇన్ని చేసి, అప్పుడు నవల రాశాడు. ఇప్పుడు ఆ పుస్తకం మళ్లీ తిరగేస్తే నవ్వొస్తుంది. ఓడ మునిగి దీవిలో పడ్డ క్రూసో ఏం చేస్తాడు? ఏడుస్తాడు, సరే. ఆ తర్వాత కాగితం తీసుకుని, తనకు జరిగిన మంచి ఒకవైపు, చెడు ఒకవైపు గీత గీసి రాసుకుంటాడు, అచ్చం జమాఖర్చులా! ఓడలోంచి ఏమేం తెచ్చుకున్నాడో లెక్క చెబుతాడు. దివాలా తీసిన వ్యాపారి తప్ప ఇంకెవరు రాయగలరు ఆ పేజీలు?

మన పక్క రాష్ట్రంలో చూడండి. ఒడియా నవలకు పెద్ద దిక్కు ఫకీర్ మోహన్ సేనాపతి. 1843లో పుట్టాడు. బడిపంతులుగా చేశాడు, తర్వాత ఒడిశాలోని చిన్న చిన్న సంస్థానాల్లో ఏళ్ల తరబడి దివానుగిరీ చేశాడు. శిస్తులు, సరిహద్దు తగాదాలు, దొంగ దస్తావేజులు... దివాను బల్లమీదికి వచ్చేవి అవే కదా. 'ఛ మాణ ఆఠ గుంఠ' అనే నవల 1897లో ధారావాహికగా మొదలయ్యేసరికి ఆయనకు యాభై నాలుగేళ్లు. సొంత పేరుతో కాదు, 'ధూర్జటి' అనే కలం పేరుతో. నేత పనివాళ్లైన ఓ భార్యాభర్తల చిన్న భూమి చెక్కను మంగరాజ్ అనే జమీందారు ఎలా కాజేశాడన్నదే కథ. మంగరాజ్ మీద కోర్టు విచారణ వచ్చిన భాగం అచ్చయినప్పుడు, ఆ దుర్మార్గుణ్ని కళ్లారా చూద్దామని పల్లెల నుంచి జనం కటక్ కోర్టుకు వచ్చారని చెబుతారు. కల్పించిన మనిషి కోసం!

మన దగ్గర ఉన్నవ లక్ష్మీనారాయణ. గుంటూరు మనిషి. డబ్లిన్ వెళ్లి బారిస్టర్ చదివొచ్చారు. వితంతు వివాహాలు చేయించారు. ఉద్యమంలోకి దిగి జైలుకెళ్లారు. 'మాలపల్లి' రాసింది రాయవేలూరు జైల్లో, 1922లో. అప్పటికి దాదాపు నలభై అయిదేళ్లు. మాలపల్లిలోని రామదాసు కుటుంబం కథను, గుంటూరు పల్లెల్లో జనం మాట్లాడుకునే మాటల్లోనే రాశారాయన. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఈ బారిస్టర్‌గారు ప్రాక్టీసు చేసుకుంటూ ఉండిపోయి ఉంటే ఆ నవల వచ్చేదా? అనుమానమే. బయట ఉన్నన్నాళ్లూ తీరికివ్వని జీవితం జైల్లో ఇచ్చింది.

ఉద్యోగం ఊడితే నవలాకారుడైన వాడూ ఉన్నాడు. రేమండ్ చాండ్లర్ అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లో ఓ చమురు కంపెనీకి వైస్ ప్రెసిడెంట్. తాగుడు, ఆఫీసుకు ఎగ్గొట్టడం... 1932లో తీసేశారు. నలభై నాలుగేళ్లు, చేతిలో పనిలేదు. చవకరకం డిటెక్టివ్ పత్రికలు కొనుక్కుని, అందులో ఒకరి కథను తీసుకుని మళ్లీ సొంతంగా రాసి చూసుకుంటూ పని నేర్చుకున్నాడు. మొదటి కథకు అయిదు నెలలు పట్టింది. మొదటి నవల 'ద బిగ్ స్లీప్' 1939లో, యాభై ఏళ్లకు. అందులో కథ మొదలయ్యే ఇల్లెవరిది? చమురుతో కోట్లు గడించిన ముసలి జనరల్‌ది!

మన మాజీ ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 'ది ఇన్‌సైడర్' నవల 1998లో వచ్చినప్పుడు ఆయనకు దాదాపు డెబ్భై ఏడేళ్లు. అంతకుముందు సాహిత్యం తెలియదా అంటే బాగా తెలుసు. విశ్వనాథ 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి, ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చిన మనిషి. కానీ సొంత నవల? పదవిలో ఉండగా ఎలా వస్తుంది? ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు దిగినప్పుడు ఎవరెలా అడ్డుపడ్డారో, పైకి దండం పెడుతూ వెనక ఏం చేశారో కుర్చీలో కూర్చుని రాయగలరా! కుర్చీ దిగాకే పుస్తకంగా తెచ్చారు. అప్పుడైనా రాష్ట్రం పేరు మార్చి అఫ్రోజాబాద్ అన్నారు, తన పేరు ఆనంద్ అని పెట్టుకున్నారు. ఇది నవలేం కాదు, ఆత్మకథే అన్నారు విమర్శకులు. నాకైతే ఆ పేర్ల మార్పులోనే కిటుకంతా ఉందనిపిస్తుంది. పేరు మారిస్తేనే కొన్ని నిజాలు నోట్లోంచి వస్తాయి.

వీళ్లందరికంటే నన్ను ఎక్కువ రోజులు పట్టుకుని వదలనిది మాత్రం పెనెలోపి ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఇంగ్లండ్ ఆవిడ.

1916లో పుట్టింది. తండ్రి పేరున్న హాస్య పత్రికకు ఎడిటర్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి 1938లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకుంది. ఈ అమ్మాయి గొప్ప రచయిత్రి అయిపోతుందని చుట్టూ ఉన్నవాళ్లు అప్పుడే అనుకున్నారు. తొలి నవల ఎప్పుడొచ్చిందో తెలుసా? 1977లో. అరవై ఏళ్లకు!

మధ్యలో నలభై ఏళ్లు ఏం జరిగిందంటే... మన ఇళ్లలో జరిగేదే. యుద్ధకాలంలో బీబీసీలో ఉద్యోగం. సైనికుడితో పెళ్లి. యుద్ధం నుంచి వచ్చాక ఆయన లాయరయ్యాడు కానీ ప్రాక్టీసు కుదరలేదు, తాగుడు మాత్రం కుదిరింది. ముగ్గురు పిల్లలు. సముద్రపు ఒడ్డున చిన్న ఊరికి మకాం మార్చారు. ఆవిడ అక్కడ పుస్తకాల దుకాణంలో పనికి చేరింది. అదీ సాగక, లండన్‌లో అద్దెలు కట్టలేక, థేమ్స్ నదిలో లంగరేసిన పాత పడవలో కాపురం పెట్టారు. సరదా పడవ అనుకునేరు! పోటు వస్తే లోపలికి నీళ్లొచ్చే పడవ. ఆ రోజుల్లోనే భర్త ఆఫీసులో చెక్కుల మీద దొంగ సంతకాలు చేసి దొరికిపోయాడు. 1962లో లాయరు పట్టా పోయింది. ఆ మరుసటేడాది పడవ కూడా మునిగిపోయింది. అందులో ఆవిడ పుస్తకాలు, కాగితాలు, ఇంటి సామాను అన్నీ పోయాయి. కొన్నాళ్లు ఇల్లులేని వాళ్ల ఆశ్రయంలో తలదాచుకుని, తర్వాత ప్రభుత్వం ఇచ్చే ఫ్లాట్‌లో ఏళ్ల తరబడి ఉన్నారు. ఇంటిని నడిపింది ఆవిడ టీచరుద్యోగం. పిల్లల నటుల బడిలో చెప్పింది, ట్యుటోరియల్‌లో చెప్పింది. జుట్టుకు రంగు కొనే డబ్బుల్లేక టీ డికాక్షన్ పట్టించేదట.

ఇన్నేళ్లూ పిల్లల కాంపోజిషన్లు దిద్దుతూనే, పాఠం చెప్పాల్సిన పుస్తకాలను గీతలు గీసుకుంటూ, అంచుల్లో రాసుకుంటూ చదివింది. యాభై ఎనిమిదో ఏట ఒక చిత్రకారుడి జీవితచరిత్ర రాసింది. ఆ తర్వాత భర్తకు క్యాన్సర్ వచ్చింది. మంచంలో ఉన్న ఆయనకు కాస్త కాలక్షేపంగా ఉంటుందని ఓ మ్యూజియంలో జరిగే హత్యల కథ రాయడం మొదలుపెట్టింది. అదే తొలి నవల. అచ్చయ్యేసరికి ఆయన లేడు.

ఇక అక్కణ్నుంచి చూడండి. 1978లో పుస్తకాల దుకాణం మీద నవల. 1979లో పడవల్లో కాపురాల మీద నవల. 1980లో యుద్ధకాలపు బీబీసీ మీద. 1982లో పిల్లల నటుల బడి మీద. చేసిన ఉద్యోగాలు, మునిగిన పడవ... ఒక్కటీ వదల్లేదు! మునిగిన పడవకు బుకర్ ప్రైజే వచ్చింది. ఆ ఏడాది వి.ఎస్. నైపాల్ నవల పోటీలో ఉంది. ఆయనకే వస్తుందని చాలామంది అనుకున్నారు. అరవై రెండేళ్ల ఈ టీచరమ్మకు ఇచ్చేసరికి లండన్ పత్రికలవాళ్లు మొహాలు చిట్లించుకున్నారు. మా వృత్తివాళ్లే, ఏం చేస్తాం. సొంత జీవితమంతా రాసేశాక ఆవిడ ఆగిపోయిందా? ఇటలీ, మాస్కో, రెండు శతాబ్దాల కిందటి జర్మనీ... తను బతకని చోట్లకు, కాలాలకు వెళ్లింది. డెబ్భై ఎనిమిదో ఏట, 1995లో రాసిన 'ద బ్లూ ఫ్లవర్' ఆవిడ చివరి నవల. అమెరికా విమర్శకుల సంఘం తమ నవలా పురస్కారాన్ని అమెరికావాళ్లు కానివాళ్లకు మొదటిసారి ఇచ్చింది ఆ పుస్తకానికే. 2000లో చనిపోయింది. పద్దెనిమిదేళ్లలో తొమ్మిది నవలలు.

ఈ కథ చెబితే మా డెస్కులో ఒకరు 'అబ్బ, ఎంత స్ఫూర్తి!' అన్నారు. నాకు అంత సంబరం అనిపించలేదు. ఆ నలభై ఏళ్లూ వృథా కాలేదని మనం తేలిగ్గా అనేస్తాం. పడవ మునిగిన రాత్రి ఆవిణ్ని అడిగితే అలాగే అనేదా? ముప్ఫై ఏళ్లకే మొదలుపెట్టి ఉంటే తొమ్మిది కాదు, ఇరవై రాసేదేమో. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, మొగుడి చెక్కులు... ఆ పుస్తకాలు అక్కడికే పోయాయి. ఇది మన ఇళ్లలోని ఆడవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒకటి మాత్రం నిజం. డీఫో జమాఖర్చులు, సేనాపతి దస్తావేజులు, ఈవిడ పడవ... వీటిలో ఏదీ వాళ్లు నవల రాయడం కోసం దాచిపెట్టుకున్నది కాదు. అది వాళ్ల పని, వాళ్ల తిప్పలు. కథగా పనికొస్తుందని చాలాకాలం వాళ్లకే తట్టి ఉండదు.

అప్పుడు కరెంటాఫీసు పెద్దాయన నోట్‌బుక్కులు తెరిచాను. కాకతీయుల కాలపు నవల. రాకుమారి, వేగు, అంతఃపురంలో కుట్ర. భాష శుభ్రంగా ఉంది. తప్పు పట్టడానికేమీ లేదు, గుర్తుంచుకోవడానికీ ఏమీ లేదు. మళ్లీ పిలిపించి, క్యాంటీన్లో టీ తాగుతూ ఉన్నమాట చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నారు కానీ కోపం తెచ్చుకోలేదు. అచ్చు వేయించాలంటే ఎంతవుతుందని అడిగారు. రిటైర్మెంటు డబ్బుల్లోంచి తీసి ఖర్చుపెట్టొద్దని గట్టిగానే చెప్పాను. అయిదొందల కాపీలు వేయించుకుని, యాభై పంచి, మిగతావి అటక మీద పెట్టుకున్న వాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల భార్యల్ని కూడా.

మాటలు ఉద్యోగం మీదికి మళ్లాయి. స్తంభం ఎక్కేముందు ఏం చేస్తారని ఊరికే అడిగాను.

'ఎల్‌సీ తీసుకుంటాం అమ్మా' అన్నారు. లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి చెబితే, ఆపరేటర్ ఆ లైన్లో కరెంటు ఆపి, ఎవరికిచ్చాడో, ఎన్ని గంటలకిచ్చాడో రిజిస్టర్‌లో రాస్తాడు. పనయ్యాక వాపసు చెబితేనే మళ్లీ కరెంటు వదలాలి. ఆ పైన, పనిచేసే చోట లైనుకు ఎర్త్ రాడ్లు తగిలించాలి. పొరపాటున ఎవరైనా వదిలినా కరెంటు భూమిలోకి పోవడానికి.

ఓ వానాకాలం రాత్రి, ఒకే లైను మీద రెండు చోట్ల పని జరుగుతోందట. వరి ఎండిపోతోందని రైతులు చుట్టూ నిలబడి తొందరపెడుతున్నారు. అవతల పనిచేసేవాళ్లు తమ పనయిపోయిందని ఎల్‌సీ వాపసు చెప్పారు. ఆపరేటర్ రెండో పేరు చూసుకోకుండా లైన్ చార్జ్ చేశాడు. స్తంభం మీద ఇరవై మూడేళ్ల హెల్పర్ ఉన్నాడు.

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపారు.

'ఎర్త్ రాడ్లు వేయకపోవడం వాడి తప్పని రిపోర్టు రాశారమ్మా. అసలు మా సెక్షన్లో రాడ్లే లేవు. విరిగిపోయి ఏడాదైంది. నాకు తెలుసు. అందరికీ తెలుసు. ఆ కాగితం మీద సాక్షిగా నేను సంతకం పెట్టాను.'

కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత అడిగాను, 'సార్, ఇదెందుకు రాయలేదు?'

ఆయన నావైపు వింతగా చూశారు. 'అది కథెలా అవుతుందమ్మా? అది డ్యూటీ.'

సర్వీసులో ఉండగా రాయలేనిదే అది. మెమో వస్తుంది, పెన్షన్ ఆగుతుంది, పక్క సీటు మనిషి మాట్లాడడం మానేస్తాడు. ఇప్పుడు అవేవీ లేవు. ఆ కుర్రాడి తల్లి కూడా పోయిందట. అందుకే ఇంకా కష్టం అన్నారు, ఇప్పుడు రాయకపోవడానికి వంక లేదు కదా అని. నోట్‌బుక్కులు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ రారనే అనుకున్నాను.

పోయిన వారం రిసెప్షన్ నుంచి ఫోన్. 'మేడమ్, పెద్దాయన. ఈసారి సంచి లేదు.' చేతిలో మడత పెట్టిన కాగితాలు, పదో పన్నెండో ఉంటాయి. కొట్టివేతలు, బాణం గుర్తులు, పక్కన ఇరికించి రాసినవి. ముత్యాల అక్షరాలు ఏమయ్యాయో! మొదటి వాక్యంలో ఎల్‌సీ రిజిస్టర్ ఉంది, ఓ సమయం ఉంది. అక్కడే నిలబడి అన్నీ చదివేశాను.

ఈ సంగతంతా కాలమ్‌లో రాయొచ్చా అని అడిగితే, ఊరి పేరు రాయకుండా ఉంటే చాలన్నారు. ఆయన కాగితాల్లోనూ ఊరి పేరు మార్చారు. ఆఫీసర్ల పేర్లు మార్చారు. తన పేరు కూడా మార్చుకున్నారు.

'ఆ పిల్లాడి పేరు ఒక్కటే మార్చబుద్ధి కాలేదమ్మా. ఉంచొచ్చా?'

ఉంచమన్నాను. మిగతాది సంక్రాంతికల్లా తెస్తానన్నారు.